రాగి పాటినా గుమ్మడికాయల కిట్టు: కొనేముందు ఇది చదువుండ్రి

దసరా డెకరేషన్లకని గ్రూపులల్ల ఫొటోలు పెట్టి, చిలుం పట్టిన పాత రాగి లెక్క కనపడే గుమ్మడికాయల కిట్టు అమ్ముతున్నరు కదా, హన్మకొండల. ఆ దుకాణమాయన ఎవరో ఇక్కడోళ్ళకు ఎరికే. ఆ కిట్టు కొనకుండ్రి. 14 కాయలకు 6,300, రంగు సీసాకు, చిలుం పుట్టించే పాటినా నీళ్ళకు కలిపి 1,850. మొత్తం 8,150 రూపాయలు పోయినయి. దుకాణంల ఆయనతోని మాట మాట అయింది నిన్న సాయంత్రమే, ఇంక కోపం దిగలే.

ముందు కాయల సంగతి. "గట్టి పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ సార్, ఏ స్ప్రే అయినా కొట్టుకోవచ్చు" అని చెప్పి ఇచ్చిండు. నల్ల స్ప్రే మొదటి పూత పడంగనే నాలుగు కాయలు లోపలికి గుంజుకపోయినయి. తొడిమ పక్క గాడిల మొదలు ఆవగింజంత కుంగింది, చూస్తుండంగనే బొటనవేలు పట్టేంత గుంత అయింది, అండ్ల తెల్ల గింజలు బయటపడ్డయి. గింజలు కనపడ్డయంటే అది థర్మాకోల్. పైన పలచటి నారింజ పొర వేసి పీయూ అని అమ్మిండు. స్ప్రే రంగులల్ల ఉండే టోలిన్, జైలిన్, అసిటోన్ లాంటివి థర్మాకోల్‌ను కరగదీస్తయి. పైపొరల సూదిమొనంత సందు దొరికినా లోపలికి దిగి గుల్ల చేస్తయి.

ఇగ రంగు. సీసా మీద "అసలైన రాగి" అని రాసుంది. అసలైన రాగి పొడి ఉన్న రంగయితేనే పాటినా నీళ్ళు పనిచేస్తయి, ఆ నీళ్ళల్ల ఉండే ఉప్పో ఆమ్లమో అమ్మోనియానో రాగిని పట్టుకుంటేనే చిలుం పుడ్తది. మెరుపు కోసం అభ్రకం పొడి కలిపిన అక్రిలిక్ మీద ఎన్ని నీళ్ళు కొట్టినా తడి ఆరిపోతది, రంగు అట్లనే ఉంటది. పద్ధతి తప్పిందేమో అని కూడ చూసిన: మొదటి పూత పూర్తిగ ఆరనిచ్చి, రెండో పూత ఇంక వేలికి అంటుకునేటట్టు ఉన్నప్పుడే నీళ్ళు కొట్టాలె. పూత గట్టిపడితే బైండర్, అంటె రంగుల ఉండే జిగురు, రాగి రేణువులను కప్పేస్తది, నీళ్ళు వాటిదాక పోవు. ఆ లెక్కనే చేసి రెండు రాత్రులు ఉంచిన. పచ్చ చుక్క ఒక్కటి రాలే. సీసా చేతుల పట్టుకున్నప్పుడే అనుమానం రావాలె నాకు. రాగి నీళ్ళకంటె దగ్గర దగ్గర 9 రెట్లు బరువు. నిలబెట్టిన సీసాల రాగి పొడి అడుగున ముద్దలెక్క దిగుతది, కలపాలంటె పుల్ల కష్టంగ తిరుగుతది. ఈ సీసా తేలిక, రెండు సార్లు ఊపితె కలిసింది. ఈ పని తెలిసి కూడ ఆ ఒక్కటి చూడకపోవడం నా తప్పే.

నిన్న దుకాణానికి పోయి, ఆయన అరల ఉన్న కాయనే తీసి, అడుగున గోర్ల రంగు తుడిచే అసిటోన్ ఒక్క చుక్క పెట్టిన. పది లెక్కపెట్టేలోపట రంధ్రం పడ్డది. ఆయన చూసిండు. ఒక్క మాట అనకుండ బట్టతోని తుడిచి, రంధ్రం గోడ వైపుకు తిప్పి, మళ్ల అదే అరల పెట్టిండు. నా ముందటనే, ఇంకొకరికి అమ్మనీకి. అప్పుడు అడిగితె, "నీకు స్ప్రే కొట్టరాక నా సరుకును అంటున్నవా" అన్నడు. కొనేటప్పుడు సార్, డబ్బులు అడిగితె నువ్వు. డబ్బు పోయినదానికంటె ఆ కాయను అట్ల తిప్పి పెట్టుడే నాకు కండ్లల్ల మెదులుతున్నది.

ఇప్పటికే కొన్నోళ్ళు కాయలు పారెయ్యకుండ్రి. స్ప్రే ముట్టకుండ్రి, ఆ పాటినా నీళ్ళు పక్కన పెట్టుండ్రి, కుంచె పనితోనే చిలుం తేవచ్చు. రెండు వంతుల ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్ళు కలిపి రెండు పూతలు, తొడిమ మొదట్ల సందు మిగలకుండ. ఆరినంక నల్ల అక్రిలిక్, గాడిల అడుగుదాక. ఆ తర్వాత రాగి రంగు: వెడల్పు కుంచెను ముంచి, పేపరు మీద దాదాపు మరక పడనంత దాక తుడిచి, గాడికి అడ్డంగ, ఉబ్బుల మీదనే లాగాలె. తడి కుంచెతోని లాగితె నలుపు మొత్తం మూసుకపోయి కొత్త ప్లాస్టిక్ లెక్క అవుతది.

మీ ఇంట్ల పాత రాగి చెంబు ఉంటె ముందట పెట్టుకొని చూడుండ్రి. చెయ్యి తగిలే కడుపు మెరుస్తది, మెడ కింద గాడిల చిలుం నిలుస్తది. గుమ్మడికాయకు గూడ అంతే, ఉబ్బులు రాగి, గాడి పచ్చ. నీలం కలిసిన పచ్చ ఒక చెంచా, తెలుపు పావు చెంచా, నీళ్ళు నాలుగు చెంచాలు. తొడిమ చుట్టు పోసి గాడిలోంచి కిందికి జారనిచ్చి, నిమిషం ఆగి, ఉబ్బుల మీదిది తడి స్పాంజితోని అద్ది తీయాలె, రుద్దొద్దు. రాగి పూత ఆరకముందే పోస్తె రాగి కూడ లేచి వస్తది. మబ్బు పట్టిన రోజుల రెండు గంటలన్న ఆగుండ్రి. చివరికి నీళ్ళల్ల కలిసే మ్యాట్ వార్నిష్, కుంచెతోనే. మెరిసే వార్నిష్ వేస్తె పాతదనం అంత పోతది. మిగిలిన పది కాయలు ఇట్లనే మంచిగ తయారైనయి.

కొత్తగ కొనేటోళ్ళు ఎవరి దగ్గర కొన్నా సరే, అడుగున అసిటోన్ చుక్క పెట్టి చూసినంకనే డబ్బులియ్యుండ్రి, పీయూ ఫోమ్‌కు అంత తొందరగ రంధ్రం పడదు. బిల్లు మీద "పీయూ ఫోమ్", "రాగి పొడి రంగు" అని రాయించుకోవాలె. నా చిట్టీ మీద "కాయలు 14" అని తప్ప ఇంకేం లేదు. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్న. ఆ దుకాణానికే పోవాల్సి వస్తె, అరల ఉన్న కాయను చుట్టూ తిప్పి చూడుండ్రి, గోడ వైపు కూడ.