500 వాట్ల గ్లాసు బ్లెండరు: ఎనిమిది నెలల వాడకం తరువాత

గత మార్చిలో నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 500 వాట్ల చిన్న బ్లెండరు కొన్నాను. పళ్ల ముక్కలు వేసిన గ్లాసుకు బ్లేడున్న మూత బిగించి, దాన్ని తలకిందులుగా మోటారు మీద పెట్టి నొక్కితే తిరిగే రకం అది. బిల్లు 2,650 రూపాయలు. ఇంట్లో 750 వాట్ల మిక్సీ నిక్షేపంలా ఉండగా మళ్లీ ఇదెందుకురా అని మా అమ్మ అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను గాని, ఇప్పుడు చెప్పగలను.

మిక్సీ జారులో స్మూతీ చేయడానికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది వాసన. అల్లం వెల్లుల్లి నూరిన జారును ఎంత తోమినా, మూత లోపలి రబ్బరులో ఆ ఘాటు మిగిలిపోయి, మరునాడు సపోటా పాలలో బయటపడుతుంది. జ్యూసు కోసం వేరే జారు ఇస్తారు నిజమే. అయితే అది నలుగురికి సరిపోయేంత పెద్దది కావడంతో, ఒక్కరికోసం వేసిన అరటిపండూ అర గ్లాసు పాలూ గోడలకు చిమ్ముకుపోయి బ్లేడు ఉత్తినే తిరుగుతుంది. ఈ చిన్న గ్లాసు ఇరుకుగా ఉండడమే ఇక్కడ కలిసొచ్చింది. చిమ్మిన గుజ్జు మళ్లీ బ్లేడు మీదికే జారుతుంది కాబట్టి 40 సెకన్లలో పని ముగుస్తుంది. ఆ పైన మూత మార్చుకుని అదే గ్లాసుతో తాగేయవచ్చు.

నేను ఎక్కువగా చేసినది సపోటాతోనే. ఒంగోలు నుంచి కావలి వచ్చే దారిలో, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉలవపాడు దగ్గర మామిడిపళ్లు, సపోటాలు రాశులుగా పోసి అమ్ముతారు. ఊరెళ్లి వచ్చేటప్పుడల్లా అక్కడ కారు ఆపడం మాకు అలవాటు. సపోటా పూర్తిగా మాగకపోతే దానిలోని జిగురూ వగరూ గొంతు పట్టేస్తాయి. ఏ యంత్రమూ ఆ వగరును తీయలేదు. వేలితో నొక్కితే పండంతా ఒకేలా మెత్తగా దిగాలి, తొడిమ దగ్గర గట్టిదనం ఉండకూడదు. తొక్క తీయకపోతే నోట్లో ఇసుక తగిలినట్టుంటుంది. నల్లటి గింజకు కొసన చిన్న కొక్కెం ఉంటుంది కనుక, పండును నాలుగు ముక్కలు చేసి గింజలు లెక్క చూసుకుని తీసేయడం మంచిది. ఆ ముక్కలను పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజరులో గట్టిపడనిచ్చి, తరువాత డబ్బాలో వేసుకుంటే ఒకదానికొకటి అంటుకోవు, ఐసు కలపవలసిన అవసరమూ ఉండదు. ఐసు కరిగితే రుచి నీరుగారుతుంది. పైగా ఈ గ్లాసులో ఒట్టి ఐసు ముక్కలు ఆడించవద్దని దీనితో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. మాగిన సపోటాకు చక్కెర వేయడం నా దృష్టిలో పాపం.

గ్లాసు తలకిందులవుతుంది కాబట్టి, చివర వేసినదే బ్లేడుకు ముందుగా తగులుతుంది. గడ్డకట్టిన ముక్కలు అడుగున, మెత్తటి పండు పైన వేసి పాలు పోయాలి. మిక్సీ జారుకు ఇదే వరుస తిరగేయాలి. మొదటి వారం ఈ తేడా తెలియక, బ్లేడు చుట్టూ గాలి బుడగ ఏర్పడి మోటారు అరుస్తున్నా ముక్కలు కదలకపోవడంతో, నాసిరకం సరుకు అంటగట్టారని దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. తప్పు నాది.

బొప్పాయి విషయంలో యంత్రాన్ని తప్పు పట్టవలసిన పని లేదు, పండు స్వభావమే వేరు. అందులోని పపైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. అది కాయలో ఎక్కువ, పండులో తగ్గినా పూర్తిగా పోదు. వెంటనే తాగితే కమ్మగా ఉన్న బొప్పాయి పాలు, ఫోను మాట్లాడి అరగంట తరువాత వచ్చి చూస్తే చేదెక్కి ఉన్నాయి. అప్పటి నుంచి బొప్పాయిలో పాలకు బదులు బత్తాయి రసం పోస్తున్నాను. మామిడిలో బంగినపల్లి బాగా కుదిరింది. పీచున్న రసాలు పిండుకుని తాగడానికే పుట్టాయి, వాటి పీచు బ్లేడు కింద చుట్టుకుంటుంది. తాటిముంజలు ఆడిస్తే వాటి అందమంతా పోయి తెల్లటి నీళ్లు మిగిలాయి. దీపావళి ముందు సీతాఫలాలు వచ్చినప్పుడు మాత్రం గుజ్జును చేత్తోనే గింజల నుంచి వేరుచేశాను. ఆ గింజలు విషపూరితం కనుక పొరపాటున ఒక్కటి నలిగినా ఆ గ్లాసు పారబోయవలసిందే.

ఇక లోపాలు. మే నెల సాయంత్రాల్లో వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి ఆడేసరికి వోల్టేజి పడిపోయి, మోటారు మూలిగి వేడెక్కి ఆగిపోయేది. చల్లారేదాకా మళ్లీ తిరగదు. ఉదయం పూట ఈ బాధ లేదు. నిమిషానికి మించి ఏకధాటిగా ఆడించకపోవడం ఎలాగూ మంచిది. వేడి పదార్థాలను ఇందులో అసలు ఆడించకూడదు. గ్లాసుకు గాలి పోయే దారి లేదు కాబట్టి ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరిపడే ప్రమాదముంది.

అన్నిటికంటే నన్ను విసిగించినది మూతలోని రబ్బరు రింగు. జూన్‌లో ఒకరోజు పాలు మోటారు గుంటలోకి కారాయి. రింగును చెంచా కొసతో ఎత్తి చూస్తే, దాని కింది గాడిలో ఎండిన సపోటా గుజ్జు, మీద నల్లటి బూజు. రోజూ గ్లాసులో నీళ్లు పోసి ఒక్క తిప్పు తిప్పి కడిగానని మురిసిపోయిన నాకు, ఆ నీరు రింగు కిందికి చేరడం లేదని అప్పుడే అర్థమైంది. పైకి తీసేటప్పుడు అది కాస్త చిరిగింది కూడా. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే, రింగు విడిగా రాదు, బ్లేడు మూత మొత్తం 640 రూపాయలకు కొనుక్కోవాలి, వారంటీ మోటారుకే గాని రబ్బరుకు వర్తించదు అన్నారు. ఆ షరతు బిల్లు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మాట వాస్తవమే. పది రూపాయల రబ్బరు కోసం అంత పెట్టడం మనసొప్పక, మా వీధి చివర మిక్సీలు బాగుచేసే అతన్ని అడిగితే, సరిపడే జారు రింగు వెతికి 30 రూపాయలకు వేసి ఇచ్చాడు. కొంచెం మందంగా ఉండి మూత బిగించడానికి బలం కావాలి గాని, నేటికీ చుక్క కారలేదు. ఇప్పుడు రెండు రోజులకొకసారి రింగు తీసి, పాత పళ్ల బ్రష్షుతో గాడి తోముతున్నాను.

ఒంటరిగా ఉండే ఉద్యోగికో, పొద్దున్నే టిఫిను తినని కాలేజీ పిల్లలకో ఈ బ్లెండరు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. నలుగురున్న ఇంట్లో నాలుగుసార్లు ఆడించి, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి కనుక, మిక్సీకి స్మూతీల కోసమే ఒక అదనపు జారు కొని, దాని మీద అల్లం పడకుండా కాపలా కాయడమే చవక. మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. అమ్మ మాత్రం తన మజ్జిగ కవ్వంతోనే చిలుకుతుంది. ఇదే రకం కొనాలనుకునేవారు డబ్బు చెల్లించే ముందే రింగు విడిగా దొరుకుతుందో లేదో అడిగి, దొరికితే రెండు అదనంగా తీసుకోండి.