ట్రావెల్ గ్రాంటా, సీడ్ గ్రాంటా, బయటి ప్రాజెక్టా: హ్యుమానిటీస్ అధ్యాపకులకు ఏది మేలు?

విశ్వవిద్యాలయంలో తెలుగో చరిత్రో తత్వశాస్త్రమో చెప్పే అధ్యాపకులకు పరిశోధన డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. సదస్సుకు వెళ్ళి పత్రం చదవడానికి యూనివర్సిటీ ఇచ్చే ట్రావెల్ గ్రాంట్ ఒకటి. పని మొదలుపెట్టుకోవడానికి యూనివర్సిటీయే ఇచ్చే సీడ్ గ్రాంట్ రెండోది. ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాలు), ఐసీహెచ్ఆర్ (చరిత్ర), ఐసీపీఆర్ (తత్వశాస్త్రం) వంటి జాతీయ పరిశోధన మండళ్ళ నుంచి తెచ్చుకునే ప్రాజెక్టు మూడోది. ఎక్కువమంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. ఫారం చిన్నది, సదస్సు తేదీ ముందే ఖరారై ఉంటుంది, వెళ్ళొస్తే పని అయిపోయినట్టే.

ఈ అలవాటు మన శాఖలకు చేటు చేస్తోంది. సైన్సు వాళ్ళకు ల్యాబు క్యాంపస్‌లోనే ఉంటుంది, ప్రయాణం ఫలితం చెప్పుకోవడానికే. మనకు ముడిసరుకే వేరే ఊళ్ళో ఉంటుంది. తాళపత్రం చెన్నైలోనో తంజావూరులోనో, నిజాం కాలపు కాగితం తార్నాకలోని ఆర్కైవ్స్‌లో, పాత పత్రికల సంచికలు వేటపాలెం సారస్వత నికేతనంలో దొరుకుతాయి. ట్రావెల్ గ్రాంట్‌కు సదస్సు నుంచి అంగీకార పత్రం కావాలి. తాళపత్రం ఎవరికీ అంగీకార పత్రం పంపదు. ఆ ప్రయాణానికి అక్కరకొచ్చేది సీడ్ గ్రాంటే.

ముందు ప్రమోషన్ లెక్క చూద్దాం, ఎలాగూ అందరూ చూసేది అదే. యూజీసీ 2018 నిబంధనల పట్టిక ప్రకారం విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సులో పత్రానికి 7 పాయింట్లు, మన దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ స్థాయికి 3, రాష్ట్ర స్థాయికి 2. పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) ఉన్న పత్రికలో ఒక వ్యాసానికి హ్యుమానిటీస్‌లో 10. జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10, పుస్తకం అనువదిస్తే 8. పది లక్షల లోపు ప్రాజెక్టు పూర్తి చేస్తే 5. చాలామంది గమనించని మెలిక ఇంకొకటి ఉంది: సదస్సు పత్రాలు, ఉపన్యాసాలు, విధాన పత్రాలు అన్నీ కలిపినా మొత్తం రీసెర్చ్ స్కోరులో 30 శాతానికి మించి లెక్కలోకి రావు. సదస్సులో చదివిన పత్రమే సంకలనంలో అచ్చయితే ఒక్కసారే చూపుకోవాలి. అంటే ఏటా ఓ సదస్సుకు వెళ్ళొచ్చే అధ్యాపకుడి పాయింట్లు ఒక దశ దాటాక ఎందుకూ కొరగావు. ఆర్కైవ్‌లో కూర్చుని తెచ్చుకున్న సామగ్రి మీద రెండు వ్యాసాలు రాస్తే 20 పాయింట్లు, వాటికి ఆ కోత లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. నియామకం అయిన కొత్తలో అధ్యాపకులకు సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్, భాషల్లో 3 లక్షలు, సైన్సుల్లో 6 లక్షల స్థాయిలో స్టార్టప్ గ్రాంట్ (సీడ్ గ్రాంట్ లాంటిదే) ఇవ్వవచ్చని అదే నిబంధనల్లో ఉంది. ‘ఇవ్వవచ్చు’ అని మాత్రమే ఉంది కాబట్టి హక్కుగా అడగలేం. అయినా దరఖాస్తులో ఈ వాక్యాన్ని ప్రస్తావించడం మంచిది. ‘మీకు పరికరాలు అక్కర్లేదు కదా, 50 వేలు చాలు’ అనే కమిటీకి అది సరైన సమాధానం. అధ్యాపకులకు ఇచ్చిన సీడ్ మనీ ఎంత, సదస్సులకు సాయం అందుకున్నవాళ్ళు ఎంతమంది అని, విద్యాసంస్థలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ కూడా అడుగుతుంది. న్యాక్ మదింపు దగ్గరపడుతున్న ఏడాదుల్లో ఈ ఫైళ్ళు తొందరగా కదులుతాయి, ఆ అదను వదులుకోవద్దు.

ఎంత వస్తుందన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. 2019లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా (ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఇచ్చేది) వచ్చిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల పరిస్థితి వేరు. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంట్‌లో సింహభాగం జీతాలకు, పెన్షన్లకు పోయే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వేరు.

మూడు లక్షలతో ఏమవుతుందో లెక్కేస్తే విషయం తేటపడుతుంది. కైఫీయత్తుల (కల్నల్ మెకంజీ రాయించిన స్థానిక చరిత్రల) మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ఉదాహరణగా తీసుకోండి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పది రోజుల చొప్పున మూడు ప్రయాణాలు కావాలి. ఏడో పే కమిషన్ 2017 నాటి మూల రేట్ల (తర్వాత ఇవి పెరిగాయి) ప్రకారం లెవెల్ 9 నుంచి 11 వరకు రోజుకు హోటల్ 2,250, భోజనం 900, లోకల్ ప్రయాణం 338 రూపాయలు గరిష్ఠం. వెరసి రోజుకు 3,488, ముప్పై రోజులకు 1,04,640. ఆ రేట్లతో రైలు టికెట్లు కలుపుకున్నా లక్షా పాతికవేల లోపే. మిగిలిన దాంట్లో ప్రతుల ఖర్చు, పాత లిపి చదివి టైపు చేసేవాళ్ళ పారితోషికం, పుస్తకాలు, స్కానర్ అన్నీ సర్దుకుంటాయి. అదే డబ్బు అమెరికా సదస్సుకు పెడితే విమానం, వీసా, రిజిస్ట్రేషన్, బస కలిపి ఒక్క వారానికే రెండు లక్షలు సులువుగా దాటుతుంది. అక్కడ మన పత్రానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు.

సీడ్ గ్రాంట్ ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలియాలి. మొదటి ఇబ్బంది ఫారమే. అది సైన్సు వాళ్ళ కోసం తయారైంది: ఎక్విప్‌మెంట్, కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయేవి), ట్రావెల్, కంటింజెన్సీ (చిల్లర ఖర్చులు) అని నాలుగు పద్దులు. చాలామంది ఎక్విప్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ రాస్తారు, కమిటీ కొట్టేస్తుంది, ఆ మొత్తం తగ్గిపోయిన బడ్జెట్ చేతికొస్తుంది. ఎక్విప్‌మెంట్‌లో పుస్తక స్కానర్‌నో వాయిస్ రికార్డర్‌నో పెట్టండి. ప్రతుల రుసుము, డిజిటైజేషన్ ఖర్చు కన్స్యూమబుల్స్‌లో పెట్టండి. ట్రావెల్ పద్దు పక్కన ‘ఫీల్డ్ వర్క్, ఆర్కైవ్ సందర్శన’ అని స్పష్టంగా రాయండి, లేకపోతే అకౌంట్స్ విభాగం దాన్ని సదస్సు ప్రయాణంగా చదివి అంగీకార పత్రం ఏదని బిల్లు తిప్పి పంపుతుంది. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి, ఖర్చుపెట్టాక అడిగితే చేతి చమురు వదిలినట్టే.

రెండో ఇబ్బంది మార్చి 31. ఏడాది గ్రాంట్ అని సర్క్యులర్‌లో ఉంటుంది గానీ దరఖాస్తులు జూలైలో పిలిచి, కమిటీ సెప్టెంబరులో కూర్చుని, మంజూరు ఉత్తర్వు నవంబరులో వస్తే మిగిలేది ఐదు నెలలు. అందులో పరీక్షలు, మూల్యాంకనం ఉంటాయి. మంజూరు తేదీ నుంచి పన్నెండు నెలలా, ఆర్థిక సంవత్సరం చివరి వరకా అన్నది ఉత్తర్వు అందిన రోజే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మిగిలిన సొమ్ము వచ్చే ఏడాదికి కొనసాగించమనే ఉత్తరం ఫిబ్రవరిలోనే ఇవ్వాలి, మార్చి చివరి వారంలో ఇస్తే ఎవరూ చూడరు.

ఇక రసీదులు. ఆర్కైవ్‌లో ప్రతులకు డబ్బు కడితే స్టాంపు, తేదీ ఉన్న రసీదు అడిగి తీసుకోండి, తెల్లకాగితం మీద సంతకం చెల్లదు. మౌఖిక చరిత్ర పనిలో పల్లెల్లో కళాకారులకు, వృద్ధులకు ఇచ్చే పారితోషికం దగ్గరే ఎక్కువ గొడవ. బ్యాంకు ఖాతాకు బదిలీ చేయడం ఉత్తమం. వీలుకాని చోట పేరు, ఊరు, మొత్తం, పని వివరం ఉన్న వోచర్ మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, ఇద్దరు సాక్షులతో రాయించుకోండి. ఇలాంటి చెల్లింపులు ఉంటాయని ప్రతిపాదనలోనే ఒక వాక్యం రాసి ఉంచండి. కొన్న పుస్తకాలు మీవి కావు, లైబ్రరీ అక్సెషన్ నంబరు పడితేనే బిల్లు పాసవుతుంది. కేంద్ర నిబంధనలు పాటించే సంస్థల్లో వస్తువులు కొనాలంటే ముందు ప్రభుత్వ కొనుగోళ్ళ వేదిక జెమ్ పోర్టల్‌లో వెతకాలి. అక్కడ లేదని చూపే పత్రం లేకుండా బయట కొంటే ఆడిట్ అభ్యంతరం తప్పదు.

ట్రావెల్ గ్రాంట్‌లో చిక్కులు వేరే రకం. అంగీకార పత్రం రాగానే తక్కువ రుసుముతో నమోదయ్యే ఎర్లీబర్డ్ గడువు తరుముతుంది, మంజూరు కమిటీ మాత్రం నెలకో మూణ్ణెల్లకో ఒకసారి కూర్చుంటుంది. మంజూరుకు ముందు కొన్న టికెట్‌కు డబ్బు ఇవ్వని చోట్లు చాలా ఉన్నాయి. కేంద్ర నిబంధనలు పాటించే సంస్థల్లో టికెట్‌ను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడింటిలో ఒకచోటే కొనాలి. కనీసం 21 రోజుల ముందు బుక్ చేయాలని, ఎంచుకున్న మూడు గంటల వ్యవధిలో చవక టికెట్ తీసుకోవాలని 2022 ఉత్తర్వు చెబుతోంది. వేరే వెబ్‌సైట్‌లో రెండు వేలు తక్కువకు దొరికిందని కొంటే మొత్తం బిల్లే ఆగుతుంది. తిరిగొచ్చాక 60 రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి, బోర్డింగ్ పాసులు పారేయకూడదు. విదేశీ రిజిస్ట్రేషన్ సొంత కార్డుతో కడితే, రూపాయల్లో ఎంత కోత పడిందో చూపే స్టేట్‌మెంట్ పేజీ జతచేయాలి, డాలర్ల రసీదు ఒక్కటే చాలదు.

ఆతిథ్యం విదేశీ సంస్థే ఇస్తుంటే ఇంకో మెట్టు ఉంది. ప్రభుత్వ ఆధీనంలోని సంస్థ ఉద్యోగి విదేశీ ఆతిథ్యం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద ఎఫ్‌సీ-2 దరఖాస్తు ప్రయాణానికి రెండు వారాల ముందే పెట్టాలి. ఊరు పేరు లేని ‘మల్టీ డిసిప్లినరీ’ సదస్సులను, పత్రం సారాంశం పంపిన మర్నాడే అంగీకారం వచ్చేవాటిని పక్కన పెట్టేయండి. కమిటీలు వాటిని ఇప్పుడు గుర్తుపడుతున్నాయి.

అలాగని ట్రావెల్ గ్రాంట్ దండగ కాదు. సగం రాసిన పుస్తకం ఉంటే, దక్షిణాసియా మీద పనిచేసేవాళ్ళంతా చేరే సదస్సులో, ఉదాహరణకు ఏటా అక్టోబరులో అమెరికాలోని మాడిసన్‌లో జరిగేదానిలో, ఒక అధ్యాయం చదివితే వచ్చే విమర్శ ఇంకెక్కడా దొరకదు. ఐరోపా సదస్సుకు వెళ్తూ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో నాలుగు రోజులు ఆగితే మెకంజీ సేకరణలోని ఇంగ్లిష్ అనువాదాలు కూడా చూసుకోవచ్చు. ఆ రోజులకు దినభత్యం రాదు, సెలవు వేరేగా పెట్టుకోవాలి, షెంగెన్ వీసా బ్రిటన్‌కు పనికిరాదు. ఆగుతున్న సంగతి అనుమతి ఉత్తరంలోనే రాయాలి, లేకపోతే తిరుగు టికెట్ తేదీ కలవలేదని క్లెయిమ్ ఆపుతారు.

బయటి ప్రాజెక్టు పెద్ద పనికి మాత్రమే. నాలుగైదు జిల్లాల సర్వే, ఇద్దరు ప్రాజెక్టు సహాయకులు, రెండేళ్ళ గడువు, ఐదు లక్షలు దాటే ఖర్చు ఉంటే అటు వెళ్ళండి. డబ్బు విడతలుగా వస్తుంది, చివరి విడత నివేదిక ఆమోదం పొందాకే. ఈలోగా సహాయకుల జీతం ఎవరివ్వాలన్న ప్రశ్న ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది, అవతలి వైపు ఉన్నది నెల జీతం మీదే బతికే పరిశోధక విద్యార్థి. కాబట్టి సహాయకుడి నియామకాన్ని మొదటి విడత ఖాతాలో పడ్డాకే చేయండి. ఖర్చు వివరాలు కేంద్ర ఆర్థిక నియమావళి (జీఎఫ్ఆర్) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రంగా ఇవ్వాలి. దాని మీద ఫైనాన్స్ ఆఫీసర్ సంతకానికే వారాలు పడుతుంది కాబట్టి తర్వాతి విడత అడగడానికి రెండు నెలల ముందే ఫైలు కదిలించండి. ఐసీఎస్ఎస్ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. సొంత యూనివర్సిటీలో సీడ్ గ్రాంట్ లేని మన రాష్ట్రాల అధ్యాపకులు సెమినార్లు, చిన్న సాయాల కోసం ముందు అక్కడ అడగడం తేలిక.

ఇక ఎవరికి ఏది? ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కాని వాళ్ళు సీడ్ గ్రాంట్ తప్ప ఇంకోటి ఆలోచించవద్దు. పీహెచ్‌డీ సామగ్రినే తిప్పి తిప్పి సదస్సుల్లో చదివే రోగం మొదలయ్యేది అప్పుడే. అసోసియేట్ ప్రొఫెసర్లు రెండూ కలపాలి: మొదటి ఏడాది సీడ్ గ్రాంట్‌తో సామగ్రి, రెండో ఏడాది అదే పని మీద ట్రావెల్ గ్రాంట్. ఒకే పని రెండు దరఖాస్తుల్లో కనిపిస్తే కమిటీ తప్పుపట్టదు, కొనసాగింపుగా చూస్తుంది. ఒకే ఖర్చు రెండుచోట్ల కనిపిస్తేనే తప్పు. అసోసియేట్ ప్రొఫెసరుగానో ప్రొఫెసరుగానో ఏడేళ్ళు నిండిన శాశ్వత అధ్యాపకులకు సబ్బాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే సెలవు) అవకాశం కూడా ఉంది, ఒకసారికి ఏడాది వరకు. డబ్బు కంటే సమయం కొరతే ఎక్కువైన వాళ్ళు సీడ్ గ్రాంట్‌ను ఆ ఏడాదికి కుదిరేలా పెట్టుకోవాలి. రిటైర్మెంట్‌కు రెండేళ్ళే ఉన్నవాళ్ళకు చాలా చోట్ల సీడ్ గ్రాంట్ ఇవ్వరు, వాళ్ళకు ట్రావెల్ గ్రాంటే దారి.

కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులకు ఈ తలుపులు చాలా వరకు మూసే ఉన్నాయి, ఇది అన్యాయం. శాఖలో సగం పాఠాలు చెప్పేది వాళ్ళే. నిబంధన మారేదాకా, శాశ్వత అధ్యాపకులు తమ సీడ్ గ్రాంట్ ప్రతిపాదనలో వాళ్ళను సహ పరిశోధకులుగా చేర్చి, ఫీల్డ్ వర్క్ ప్రయాణ ఖర్చును వాళ్ళ పేరు మీద కూడా చూపించాలి. పేరు ప్రతిపాదనలో లేకపోతే తర్వాత ప్రయాణ భత్యం (టీఏ) బిల్లు పాసవదు కాబట్టి, ఈ పని దరఖాస్తు రోజే జరగాలి.