ఫిజియోథెరపీకి ఎనిమిది నెలలు తిరిగాక: పట్టేసిన భుజంతో నా అనుభవం

కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. అందులో ఎనిమిది నెలలు ప్రైవేటు ఫిజియోథెరపీకి తిరిగాను. ఒక చోట పన్నెండు సిట్టింగులు అయ్యాక మానేసి, ఇంకో చోట చేరాను. ఆ రెండు చోట్లకీ ఉన్న తేడా ముందే తెలిసుంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

వెనక జేబులోంచి పర్సు తీయబోతే చెయ్యి మధ్యలో ఆగిపోవడంతో మొదలైంది. తర్వాత చొక్కా తొడుక్కోవడం, తల దువ్వుకోవడం, ఆ వైపు తిరిగి పడుకోవడం, ఒక్కొక్కటే కష్టమయ్యాయి. ఎక్స్‌రేలో ఎముకకి ఏమీ లేదు, ఇది ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి డాక్టర్ ఫిజియోకి చీటీ రాశారు. కీలు చుట్టూ సంచిలా ఉండే పొర వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుందట. 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ ఎక్కువగా వస్తుంది. నాకు ఆ రెండూ వర్తిస్తాయి.

మొదటి క్లినిక్‌లో వెళ్లగానే పడుకోబెట్టేవాళ్లు. కాసేపు వేడి కాపడం, కాసేపు ప్యాడ్లు అంటించి సన్నటి కరెంట్, ఆపైన జెల్ రాసి అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో చేసే వైద్యం). నలభై నిమిషాలు హాయిగానే గడిచేవి. సాయంత్రానికి నొప్పి మళ్లీ మామూలే. పన్నెండు సిట్టింగుల్లో ఒక్కసారి కూడా ‘చెయ్యి ఎత్తి చూపించండి’ అన్నవాళ్లు లేరు. కరెంట్ పెట్టేముందు గుండెకి పేస్‌మేకర్ ఉందా అని అడగాలి. అదీ అడగలేదు. అడగాలన్న సంగతి అప్పటికి నాకూ తెలియదనుకోండి.

రెండో చోట మొదటి సిట్టింగ్‌కి గంట పట్టింది. మెషిన్ జోలికే పోలేదు. నొప్పి ఎప్పటినుంచి, రాత్రి నిద్ర లేపుతోందా, బరువు తగ్గారా, ఏయే మందులు వాడుతున్నారు, ఏం పని చేస్తారు, అన్నీ అడిగి రాసుకున్నారు. తర్వాత ఒక కొలత పరికరం తీశారు. స్కూల్లో వాడిన కోణమానినికి రెండు పొడుగాటి చేతులు తగిలించినట్టు ఉంటుంది, గోనియోమీటర్ అంటారు. చెయ్యి పక్కనుంచి పైకెత్తితే 70 డిగ్రీలు వచ్చింది, రావాల్సింది 180. మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పితే 10. అదైతే మామూలుగా 60 పైనే రావాలి.

అప్పుడు నన్ను అద్దం ముందు నిలబెట్టి మళ్లీ ఎత్తమన్నారు. చూసుకుంటే భుజం చెవి దాకా ఎగరేసి, నడుం పక్కకి వంచి, చెయ్యి లేచినట్టు నన్ను నేనే మోసం చేసుకుంటున్నాను! అక్కడి ఫిజియోథెరపిస్ట్ ఆవిడ నా భుజం మీద వేలు ఆనించి ‘ఇది కదలకుండా ఎత్తండి’ అనగానే చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను డబ్బు కట్టింది ఆ వేలికే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎంతకాలం పడుతుందని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. ముందు నొప్పి దశ, తర్వాత బిగుసుకునే దశ, ఆ తర్వాత మెల్లగా వదిలే దశ. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు. ‘పది సిట్టింగుల్లో నయం చేస్తాం’ అనేవాళ్ల మాట నమ్మొద్దన్నారు. ఈ మాటకి కాస్త నీరసం వచ్చినా, నమ్మకం కూడా అప్పుడే కుదిరింది.

అసలు వైద్యం ఇంట్లోనే. ముందుకి వంగి ఎడమచెయ్యి టేబుల్ మీద ఆనించి, కుడిచెయ్యి వేలాడేసి లోలకంలా తిప్పడం. కర్ర రెండు చేతులా పట్టుకుని, బాగున్న చేత్తో బాగాలేని చేతిని బయటికి నెట్టడం. వేళ్లతో గోడ పాకించడం. రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు. గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను, పిల్లల ఎత్తు కొలిచినట్టు. కొన్ని వారాలు రెండు గీతల మధ్య వేలెడు దూరం కూడా ఉండేది కాదు. వారానికి రెండుసార్లు క్లినిక్‌లో ఆవిడ చేసేది, కీలుని చేత్తో పట్టి మెల్లగా కదిలించడం, ఇంట్లో నేను చేసేది చూసి తప్పులు దిద్దడం.

నొప్పి గురించి ఒక లెక్క చెప్పారు. సున్నా నుంచి పది దాకా అనుకుంటే నాలుగు దాటనివ్వకూడదు. వ్యాయామం వల్ల వచ్చిన నొప్పి మర్నాటికల్లా తగ్గాలి, తగ్గకపోతే సగానికి సగం తగ్గించాలి. మూడో నెలలో నేను ఉత్సాహం ఎక్కువై టవల్‌తో వెనక్కి గట్టిగా లాగాను. రెండు రాత్రులు కునుకు లేదు. డాక్టర్ కీలులో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చాక నొప్పి దిగింది. షుగర్ కొన్నాళ్లు పెరుగుతుందని ముందే హెచ్చరించారు, అలాగే పెరిగి దిగింది.

అంతా బాగుందని చెప్పను. అరగంట అని చెప్పి, నన్ను వేడి కాపడంలో పెట్టి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిన రోజులున్నాయి. రెండుసార్లు చెప్పకుండా జూనియర్‌ని పంపారు, అతనికి నా ఫైల్ కూడా తెలియదు. ప్యాకేజీ ఒకేసారి కట్టమని రిసెప్షన్‌లో పోరు. రెండు సిట్టింగులు విడిగా కట్టి చూసి, మీ శరీరం మీద చెయ్యి వేసేది రోజూ ఒకరేనా అని తేల్చుకున్నాకే ప్యాకేజీ తీసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే డాక్టర్ చీటీ కావాలా, ఎన్ని సిట్టింగుల వరకు ఇస్తారు అన్నవి మొదటిరోజే అడగండి. చొక్కా విప్పాల్సి వస్తుంది, మొహమాటం ఉంటే వెంట ఒకరిని ఉంచుకోవచ్చు.

ఆ క్లినిక్ మీద గౌరవం పెరిగింది మాత్రం నా భుజం వల్ల కాదు. ఒకరోజు పక్క బెడ్ మీద ఒకాయన నడుంనొప్పి అని వచ్చి, తొడల మధ్య మొద్దుబారినట్టుంది, మూత్రం సరిగా రావట్లేదు అన్నారు. ఆవిడ కరెంట్ పెట్టలేదు, బిల్లు వేయలేదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పంపేశారు. నరాలు నొక్కుకుపోతే గంటల్లో చూపించుకోవాలట.

కిందటి నెల కొలిస్తే పైకెత్తడం 160, బయటికి తిప్పడం 65. ప్యాకేజీలో ఇంకా మూడు సిట్టింగులు మిగిలుంటే, వారంవారం రావొద్దు, నెలకోసారి వచ్చి కొలిపించుకోండి అన్నారు. పర్సు మళ్లీ వెనక జేబులోకి చేరింది. వీపు మధ్యలో దురద పుడితే మాత్రం ఇప్పటికీ ఎడమచెయ్యే దిక్కు.