పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: ఆపత్కాలంలో ఎంతవరకు అక్కరకు వచ్చింది

మా అత్తగారికి మూత్రపిండాలు దెబ్బతిని వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైన తరువాత, విడతకు నాలుగు గంటల చొప్పున యంత్రం పక్కన పడుకొని ఉండవలసి రావడంతో, ఆ సమయంలో చదువుకోవడానికి అక్షరాలు పెద్దవిగా ఉన్న బైబిలు కావాలని ఆమే అడిగారు. క్రైస్తవ పుస్తకాల దుకాణంలో వెయ్యి రూపాయల లోపు ధరకు దొరికిన జిప్పు అట్ట ప్రతిని తెచ్చి ఇచ్చాము. కానుకగా ఇవ్వడానికో, ఆదివారం ఆరాధనకు తీసుకువెళ్లడానికో కొనేవారికి ఈ ప్రతిలో పెద్దగా లోటు కనిపించదు. నేను మాత్రం దీనిని ఒక్క అవసరాన్ని బట్టే పరిశీలించాను: జబ్బుతోనో, అప్పులతోనో, చావుతోనో ఇల్లు అల్లాడుతున్నప్పుడు ఇది విశ్వాసి చేతికి ఎంతవరకు అందుతుంది?

లోపల ఉన్నది మన సంఘాలలో తరతరాలుగా చదువుతున్న పాత అనువాదమే. అరవై ఆరు పుస్తకాలూ ఉన్నాయి. వచనాలను పేజీకి రెండు నిలువు వరుసలలో, నల్లని దట్టమైన సిరాతో అచ్చువేశారు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు కూడా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. క్రీస్తు పలికిన మాటలకు వాడిన ఎర్ర సిరా మాత్రం ఆసుపత్రి ట్యూబులైటు వెలుగులో వెలవెలబోతోంది. పెద్ద అక్షరాలన్న పేరు మూలవచనానికే పరిమితమైంది. పేజీ మధ్యలో ఇచ్చిన రిఫరెన్సులు, అంటే ఒక వచనానికి సంబంధించిన వేరే వచనాలు ఎక్కడున్నాయో తెలిపే సూచికలు, చదవాలంటే భూతద్దం కావలసిందే. కాగితం పలుచన కావడం వల్ల వెనుకవైపు అచ్చు లీలగా తెలుస్తుంది గాని, చదువుకు అడ్డం రాదు.

అసలు ఇబ్బంది బరువుతోనే వచ్చింది. డయాలసిస్ జరుగుతున్నంతసేపూ ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిని కదపకూడదు. మిగిలిన ఒక్క చేత్తో ఇంత బరువైన పుస్తకాన్ని పట్టుకొని పేజీ తిప్పడం ఆరోగ్యవంతులకే కష్టం. చివరికి కడుపు మీద దిండు పెట్టి, దాని మీద పుస్తకం తెరిచి, పేజీ తిప్పవలసినప్పుడల్లా పక్కన కూర్చున్న మనవడిని పిలవడం అలవాటైంది. పెద్ద అక్షరాలు ఎక్కువగా వృద్ధులకూ రోగులకూ అవసరమవుతాయని తెలిసినప్పుడు, ఇదే అచ్చును రెండు మూడు సంపుటాలుగా విడదీసి అమ్మాలన్న ఆలోచన ముద్రాపకులకు ఎందుకు రాలేదో తెలియదు.

దీనికంటె పెద్ద లోపం పుస్తకం మొదట్లోనే ఉంది. ఆపదలో, భయంలో, అనారోగ్యంలో ఏ భాగాలు చదువుకోవాలో తెలిపే పట్టిక ఒకటి అక్కడ ఇచ్చారు. అందులో 46వ కీర్తన ఉంది, యిర్మీయా 29:11 ఉంది, రోమా 8:28 ఉంది. ఇవన్నీ మంచి వచనాలే, కొత్త సంవత్సరపు ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద మనం చూసేవే. అయితే “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్న మాటతో, ఏ ఓదార్పూ లేకుండా ముగిసే 88వ కీర్తన ఆ పట్టికలో లేదు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీసే 13వ కీర్తనా లేదు. విలాపవాక్యముల నుండి ఒక్క అధ్యాయమూ లేదు. ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకొన్న యోబు గ్రంథం నుండి “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను” అని మనం భూస్థాపన కూడికలలో వినే మొదటి అధ్యాయపు వచనాన్ని మాత్రం చేర్చి, తాను పుట్టిన దినాన్ని శపించుకొన్న మూడవ అధ్యాయాన్ని వదిలేశారు. దుఃఖంలో ఉన్నవారు దేవునితో మొర పెట్టుకోవడం, ఫిర్యాదు చేయడం కూడా లేఖనాలలో ప్రార్థనగానే నిలిచి ఉన్నాయన్న సంగతి ఈ పట్టికను నమ్ముకొన్న పాఠకునికి తెలిసే అవకాశం లేదు.

ఇది చిన్న విషయమని నేను అనుకోను. మా అత్తగారిని పరామర్శించడానికి వచ్చిన వారిలో కొందరు, విశ్వాసం గట్టిదైతే ఈపాటికి స్వస్థత కలిగి ఉండేదన్న అర్థం వచ్చేలా ప్రార్థించి వెళ్లారు. వారు వెళ్లిన తరువాత ఆమె కాసేపు ఊరుకొని, “యోబు తీయి నాయనా, మిత్రులు మాట్లాడే చోటు” అన్నారు. మనవడు కూడబలుక్కుంటూ పదహారవ అధ్యాయానికి వచ్చి, “మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు” అని చదివేసరికి, ఆ జబ్బు మొదలైన తరువాత మేము అంతగా వినని నవ్వు ఆమె నోట విన్నాము. గ్రంథం చివర దేవుడు తప్పుపట్టింది, యోబు పాపమే అతని బాధకు కారణమంటూ దేవుని పక్షాన వాదించామనుకొన్న ఆ మిత్రులనే. యోబు మాట్లాడినట్లు వారు తన గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే అంటాడు. ఇంతటి భాగానికి పట్టికలో చోటు ఇవ్వని సంపాదకులు రోగి పక్కన ఎక్కువసేపు కూర్చున్నవారు కాకపోవచ్చు.

రిఫరెన్సుల విషయంలో మాత్రం ఈ ప్రతిని మెచ్చుకోవాలి. మార్కు 4వ అధ్యాయంలో దోనె నీటితో నిండిపోతుండగా శిష్యులు యేసును లేపి, “మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా” అని అడుగుతారు. అక్కడ ఇచ్చిన రిఫరెన్సును పట్టుకొని మత్తయి 8వ అధ్యాయానికి వెళితే, ఆయన ముందు శిష్యుల అల్పవిశ్వాసాన్ని ప్రశ్నించి, ఆ తరువాత గాలిని గద్దించినట్లు ఉంటుంది. మార్కులోనూ లూకాలోనూ ముందు తుఫాను అణగుతుంది, ప్రశ్న తరువాత వస్తుంది. నా మట్టుకు మార్కు వరుసే ఊరటనిస్తుంది: అంత కటువుగా అడిగినవారిని కూడా ఆయన ముందు గట్టున పడేశాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో అలాంటి నిమ్మళం కూడా లేదు. ఊరకులోను అనే పెనుగాలికి పద్నాలుగు రాత్రులు కొట్టుకుపోయిన ఓడ చివరికి బద్దలవుతుంది. ఓడలోని 276 మంది, కొందరు ఈదుకొంటూ, మిగిలినవారు పలకలను పట్టుకొని, ఒడ్డు చేరతారు. ఆ అధ్యాయాన్నీ పట్టికలో చేర్చి ఉండవలసింది.

ప్రత్యామ్నాయాల విషయానికి వస్తే, కీర్తనలు, సామెతలు కలిపిన చిన్న కొత్త నిబంధన ఒంటిచేత్తో పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది గాని, అందులో యోబు ఉండడు. ఫోనులో అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు, చదివి వినిపించే సదుపాయమూ ఉంది. నాలుగు గంటల పడకకు నిజంగా అదే సుఖం. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ లేకుండా గడిపిన విశాఖవాసులకు అచ్చుపుస్తకం విలువను ఎవరూ చెప్పనక్కరలేదు.

పాత అనువాదపు భాష ఆమెకు కంఠతా వచ్చినదే కాబట్టి, ఒక పదం ఎగిరిపోయినా దానంతట అదే నోటికి వస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదివే మనవడు మాత్రం వాక్యానికి ఒకసారి ఆగవలసి వస్తోంది. ఇంట్లో చదివి వినిపించేది పిల్లలే అయితే, వాడుకభాషలో వచ్చిన అనువాదాన్ని కూడా చూసి కొనడం మేలు. ఈ ప్రతినే కొనదలచినవారు డబ్బు కట్టేముందు కొట్లోనే ఒంటిచేత్తో పట్టుకొని చూడాలి, ఎర్ర అక్షరాలున్న పేజీని దీపం కింద తెరిచి చూడాలి. ఇంటికి తెచ్చాక, పట్టిక కింద మిగిలిన ఖాళీలో 13, 88 కీర్తనల సంఖ్యలను, యోబు 3, 16 అధ్యాయాలను పెన్నుతో రాసుకోవచ్చు. మా ప్రతిలో మేము అలాగే రాసుకొన్నాము.