పాత పికప్ కొనబోతున్నారా? ముందు బండి కిందకి దూరి సుత్తితో కొట్టి చూడండి

పాత పికప్ కొని, తక్కువ ఖర్చులో బాగుచేయించుకుందామనుకుంటున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకోసం ఇది రాస్తున్నాను. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, దయచేసి ఓపిగ్గా చదవండి.

మాది నెల్లిమర్ల దగ్గర. మా నాన్న ఒకప్పుడు కొబ్బరికాయల షావుకారు దగ్గర టాటా 207 పికప్ నడిపేవారు. ఉద్దానంలో, కవిటి, కంచిలి వైపు లోడు ఎత్తుకుని తెల్లారేసరికి విజయనగరంలో దింపేవారు. సెలవుల్లో నేనూ క్యాబిన్‌లో కూర్చుని వెళ్లేవాణ్ని. నాన్న పోయాక, ఎప్పటికైనా అలాంటి బండి ఒకటి కొని, బాగుచేయించి, కూరగాయల లోడుకి తిప్పుకోవాలని మనసులో ఉండిపోయింది. లెక్క కూడా చూసుకున్నాను. పాత 207 డీఐలో 2956 సీసీ ఇంజిన్, స్కానర్ పెట్టి చూడాల్సిన గొడవ లేదు, పంపు, నాజిళ్లు తెలిసిన మెకానిక్ ఉంటే ఊళ్లోనే పని అయిపోతుంది. నా దగ్గరున్నది మొత్తం రెండున్నర లక్షలు. అందులో లక్షన్నర మా ఆవిడ చీటీ పాడి ఇచ్చిన డబ్బు. సగం బండికి, సగం పనికి అనుకున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన ఒక యార్డులో 2008 మోడల్ 207 ఉందని తెలిసి, మా బావని తీసుకుని వెళ్లాను. తెల్లగా కొత్త రంగు, కొత్త బ్యాటరీ, తొట్టిలో కొత్త గళ్ల రేకు. బండి కింద ఫ్రేము కూడా నల్లగా నిగనిగలాడుతోంది. ఎంత శ్రద్ధగా ఉంచారో అనుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అక్కడే. ఇంత పాత బండి కింద రంగు అంత కొత్తగా ఎందుకుందని అడగాల్సింది.

రెండో తప్పు, మా నాన్న సంగతి ముందే చెప్పేయడం. అది విన్నాకే యార్డు ఆయన నోట "ఇదీ కొబ్బరికాయల బండే బాబూ, వేరే లోడు ఎక్కలేదు" అన్న మాట వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, నేను ఏ లోడు పేరు చెప్తే ఆ లోడు బండి అయ్యుండేది. మీకేం ఇష్టమో, మీ ఇంటి కథేమిటో అమ్మేవాడి దగ్గర బయట పెట్టకండి. ఏ లోడుకి తిరిగిందో ముందు వాళ్ల నోటితోనే చెప్పించండి.

మేము వెళ్లేసరికి పొద్దున్న ఎనిమిది. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. "ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చాం" అన్నారు. సగం సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. హైవే మీద ఖాళీ బండి రెండు కిలోమీటర్లు నడిపి చూశాను, బాగానే ఉంది. లక్షా పద్దెనిమిది వేలకి బేరం కుదిరింది. ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నానని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆర్‌సీలో పేరు మార్పుకి ఇచ్చే 29, 30 ఫారాలు, సంతకాలు చేసి ఉన్నవి, చేతిలో పెట్టారు. ఆ సంతోషంలో ఆర్‌సీ మీద పేరు కూడా సరిగ్గా చదవలేదు.

మర్నాడు విజయనగరంలో మాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ టింకరింగ్ చేసే పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ మాట్లాడకుండా చిన్న సుత్తి పట్టుకుని కిందకి దూరాడు. ముందు చక్రాల దగ్గర ఫ్రేము మీద కొడితే ఖంగుమని మోగింది. వెనక్కి వస్తున్నకొద్దీ ఆ మోత తగ్గింది. వెనక కమాన్ పట్టీలు (లోడు మోసే స్ప్రింగు పట్టీలు) తగిలించే చోట కొట్టేసరికి అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్‌మంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే రంగు పొర చీలి, పిడి దాకా లోపలికి దిగిపోయింది. లాగితే తుప్పు పొరలు పొరలుగా నేల మీద రాలింది. మధ్యలో పుట్టీ ముద్దలు. ఇనుము ఉండాల్సిన చోట పుట్టీ పెట్టి, పైన నల్లరంగు కొట్టారు.

తొట్టిలో కొత్త రేకుకి నాలుగు బోల్టులు విప్పి ఎత్తాం. కింద పాత రేకు జల్లెడలా ఉంది. దాని సందుల్లో తడిమట్టి, ఆ మట్టిలో మెరుస్తూ చేప పొలుసులు. ఎండిపోయినా వాసన పోలేదు.

"ఇది చేపల బండి నాయనా, కొబ్బరికాయలు ఎక్కడివి? కొనేముందు కింద చూళ్లేదేటి?" అన్నాడు పెద్దాయన. నాకు నోట మాట రాలేదు.

మన దగ్గర ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మనకి ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పొడుగూతా సముద్రమే. భావనపాడు, కళింగపట్నం లాంటి చోట్ల నుంచి చేపలు ఐసుతో వెళ్తాయి. ఆ ఐసు కరిగిన నీళ్లు చేపల ఉప్పుతో కలిసి, తొట్టి సందుల్లోంచి సరాసరి ఫ్రేము మీద కారతాయి. వాననీళ్లయితే ఎండకి ఆరిపోతాయి. ఉప్పు అలా కాదు, గాల్లో చెమ్మని పట్టుకుని ఇనుముని తడిగానే ఉంచుతుంది, బండి ఖాళీగా నిలబెట్టినా సరే. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే చోట, బ్రాకెట్ల వెనక, ఫ్రేముకి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ల మూలల్లో మట్టి పేరుకుని తుప్పు లోపల్నుంచి తింటుంది. బయటికి కనిపించేసరికి అయిపోయినట్టే. కాబట్టి వెనక కమాన్ బ్రాకెట్లు, క్యాబిన్ ఫ్రేము మీద కూర్చునే చోట్లు, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తి ఫ్లోరు, ఈ మూడూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. సుత్తి వద్దన్నారంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఫ్రేము పోతే ఇంకో ఫ్రేము వేసుకోవచ్చు కదా అని నేనూ అడిగాను. అంత సులువు కాదట. చాసిస్ నంబర్ పంచ్ చేసి ఉండేది ఫ్రేము మీదే. అది మారిస్తే ఆర్‌సీలో నంబర్‌కీ బండికీ పొంతన ఉండదు, ఆర్టీవో అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. చివరికి పాడైన ముక్క కోసి, మందం రేకుతో ప్లేట్లు వేయించాలని తేల్చారు. దానికి 62 వేలు.

ఇంజిన్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మర్నాడు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నింది. అంటే లోపల లైనర్లు, పిస్టన్లు అరిగిపోయాయి, అది తెలియకుండా చిక్కటి ఆయిల్ పోసి కప్పిపెట్టారన్నమాట. లైనర్లు, పిస్టన్లు, గ్రైండింగ్ కలిపి 58 వేలు. మీరు చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ వెచ్చగా ఉంటే, సాయంత్రం దాకా ఆగైనా సరే, చల్లారాకే స్టార్ట్ చేయించండి.

ఇక కాగితాలు. ఆ రాత్రి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూశాను. ఐదు నిమిషాల పని, యార్డులో నిలబడి చేసుండాల్సింది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు అయిపోయి 14 నెలలు. ఇన్సూరెన్స్ లేదు. అంటే ఇన్సూరెన్స్ లేని బండిని నేను హైవే మీద ఇంటికి తోలుకొచ్చాను, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. ఎఫ్‌సీ గడువు దాటితే రోజుకి 50 రూపాయలు అదనపు ఫీజు. 14 నెలలకి అదొక్కటే 21 వేల పైన. పైగా 15 ఏళ్లు దాటిన రవాణా బండ్లకి ఎఫ్‌సీ ఫీజే 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. ట్యాక్స్ బాకీ వేరే.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఆర్‌సీ మీద పేరు. అడ్రసు పట్టుకుని సోంపేట వైపు ఒక ఊరు వెళ్లాను. ఒక పెద్దావిడ బయటికొచ్చారు. ఆ పేరు చెప్పి, ఉన్నారా అమ్మా అని అడిగాను. "ఆయన పోయి రెండేళ్లయింది బాబూ" అన్నారు. నేను ఆర్‌సీ చూపించాను. అందులో పేరు చూసి ఆవిడ నా మొహంకేసి చూశారు. ఆ బండి ఎప్పుడో తుక్కుకి ఇచ్చేశామనే అనుకుంటున్నారట. నాలుగేళ్ల కిందట ఆయన ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకర్‌కి ఇచ్చేస్తే, బండి చేతులు మారుతూనే ఉంది గానీ పేరు మారలేదు. ఈ నాలుగేళ్లలో దాని కింద ఎవరైనా పడుంటే కోర్టు నోటీసు ఆ గుమ్మంలోకే వచ్చేది. చట్టం లెక్కలో ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరు. పైగా ఓనరు చనిపోయాక నా చేతిలో ఉన్న 29, 30 ఫారాలు చిత్తుకాగితాలతో సమానం. వారసుల పేరు మీదకి 31వ ఫారంతో మార్పించి, వాళ్ల దగ్గర్నుంచి నేను మళ్లీ రాయించుకోవాలి.

అందుకే చెప్తున్నాను, ఖాళీ ఫారాల మీద సంతకాలున్నాయి కదా అని ధైర్యపడకండి. ఆర్‌సీలో ఉన్న మనిషిని కళ్లారా చూడండి, ఫోన్‌లో గొంతు వింటే చాలదు. ఫైనాన్స్ ఉన్న బండైతే, అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌వోసీ, 35వ ఫారం చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. మీరు బండి అమ్మేవాళ్లయినా సరే, 14 రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేయండి. లేకపోతే ఆ పెద్దావిడ పరిస్థితే మీ ఇంట్లోవాళ్లకీ వస్తుంది.

యార్డు ఆయనకి ఫోన్ చేస్తే, "చూసుకునే కొన్నావు కదా, సంతకం ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

లెక్క చూసుకుంటే బండి, ఫ్రేము, ఇంజిన్ కలిపి 2,38,000. ఎఫ్‌సీ ఆలస్యం ఫీజు వేస్తే నా బడ్జెట్ దాటిపోయింది. టైర్లు, టింకరింగ్, ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఇంకా అందులో లేవు. ఇదే డబ్బుకి అన్ని కాగితాలూ ఉన్న బండే వచ్చుండేది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆ పెద్దావిడ, వాళ్లబ్బాయి సంతకాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. వాళ్ల రుణం తీర్చుకోలేను. ఫ్రేము పని సగం అయింది, ఇంజిన్ విప్పి షెడ్డులో ఉంది. పోయిన వారం పలాస వెళ్తూ బస్సులోంచి ఆ యార్డు చూశాను. గేటు పక్కన ఇంకో 207 నిలబెట్టి ఉంది. ఒక కుర్రాడు దాని కింద పడుకుని, చేతిలో బ్రష్షుతో నల్లరంగు కొడుతున్నాడు.