జాగ్రత్త: ‘ఎడారి రాణిచీమ’ పేరుతో మన వీధిలైటు కింది చీమనే అమ్ముతున్నారు

విజయవాడ, గుంటూరు వైపు చీమల్ని పెంచేవాళ్లంతా ఒకసారి చదవండి. ‘థార్ ఎడారి రాణి’, ‘జైసల్మేర్ మెస్సర్’ (మెస్సర్ అంటే గింజలేరుకునే చీమల ప్రజాతి) అని పేర్లు తగిలించి ఆన్‌లైన్‌లో అమ్మిన రాణిచీమల ట్యూబులు ఈ సీజన్లో ఇక్కడ కొందరి చేతికి వచ్చాయి. లెన్స్ కింద పెట్టి చూస్తే వాటిలో ఎడారి జాతి ఒక్కటీ లేదు. అమ్మినవాళ్లెవరో రాసి లాభం లేదు, ఇవాళ ఒక ఖాతా మూసి రేపు ఇంకోటి తెరుస్తారు. సరుకును పట్టుకోవడం నేర్చుకుంటే ఎవరు అమ్మినా మోసపోం.

వచ్చినవి రెండు రకాలు. ఒకటి గండుచీమ, అంటే కాంపోనోటస్ కంప్రెసస్. రెండోది సోలెనాప్సిస్ జెమినాటా, చురుక్కుమనేలా కుట్టే ఎర్రచీమ. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లతో పాటు ఇలాంటి రాణులు బెంజి సర్కిల్ లైట్ల కిందైనా, బ్రాడీపేటలో డాబా మీదైనా ఊరికే దొరుకుతాయి. వాటికి వేలు పోయాల్సిన పని లేదు.

కొనేముందు మూడు ఫొటోలు అడగండి: ముఖం ఎదురుగా, ఒళ్లు పక్కనుంచి, ఒళ్లు పైనుంచి. పక్కన స్కేలు పెట్టి తీయమనండి. చీమల ఫొటోల వెబ్‌సైట్ యాంట్‌వెబ్‌లో నమూనాల్ని ఈ మూడు కోణాల్లోనే చూపిస్తారు కాబట్టి పోల్చుకోవడం తేలిక. పంపను అన్నవాడి దగ్గర కొనొద్దు.

ఫొటోలో ముందు నడుము చూడాలి. ఛాతీకీ పొట్టకీ మధ్య ఒకే ముడి ఉంటే కాంపోనోటస్, ఎడారుల్లో ఎక్కువగా ఉండే కాటాగ్లిఫిస్‌ల వైపు. రెండు ముడులుంటే మెస్సర్, ఫీడోలె (ఇదీ ఒక చీమల ప్రజాతే), సోలెనాప్సిస్‌ల వైపు. ఒకే ముడి ఉన్నదాన్ని మెస్సర్ అంటున్నారంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు. రెండు ముడులుంటే మీసాల దగ్గరికి రావాలి. మెస్సర్ మీసానికి 12 కణుపులు, కొస విడిగా ఉబ్బినట్టు కనిపించదు. సోలెనాప్సిస్‌కి చివరి రెండు కణుపులూ లావెక్కి గదలా ఉంటాయి, ఫీడోలెకి చివరి మూడూ. ‘మెస్సర్’ పేరుతో వచ్చినవి దొరికిపోయింది ఇక్కడే. ఎడారి ఇసుకలో గింజలేరుకునే చాలా జాతులకి తల అడుగున గడ్డంలా పొడవాటి వెంట్రుకలుంటాయి. అవి కనిపిస్తే మంచి గుర్తే, కనిపించనంత మాత్రాన మెస్సర్ కాదని కొట్టేయలేం. బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల లెన్స్ ఫోన్ కెమెరాకి ఆనిస్తే ఇదంతా తెలుస్తుంది. రంగు చూసి మాత్రం ఏదీ తేల్చకండి. కొత్తగా బయటికొచ్చిన రాణి రంగు పాలిపోయి ఉంటుంది, తర్వాత ముదురుతుంది.

ఇంకో మాట. జాతులు తేల్చే పట్టికలు ఎక్కువగా పనిచీమల్ని బట్టి రాసినవి. ఒంటరి రాణిని చూసి ప్రజాతి (మెస్సర్, కాంపోనోటస్ లాంటి మొదటి పేరు) వరకు చెప్పడమే న్యాయం. సేకరించిన జిల్లా, తేదీ చెప్పలేనివాడు జాతి పేరు పూర్తిగా రాసి ఇచ్చాడంటే అది అంచనా కూడా కాదు, ధర పెంచే లేబుల్.

గుడ్డు పెట్టింది కదా అని నమ్మడం రెండో గొయ్యి. జతకట్టని రాణి కూడా రెక్కలు రాల్చగలదు, గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లనుంచి మగవే వస్తాయి, పనిచీమలు రావు. రెక్కలు వాటంతటవి రాలితే అవి అతికి ఉన్నచోట చిన్న మచ్చే మిగులుతుంది. చిరిగిన ముక్క వేలాడుతుంటే ఎవరో పీకి ఉండొచ్చు. ‘పనిచీమలతో సహా’ అన్న ట్యూబుల్లో ఇంకో మాయ ఉంది. గండుచీమ రాణి మొదటి కాన్పులో అన్నీ చిన్న పనిచీమలే వస్తాయి. నాలుగైదు పనిచీమలే ఉన్న ట్యూబులో పెద్ద తలకాయ చీమ కనిపిస్తే, వేరే పుట్టలోంచి ప్యూపాలు (ఇంకా చీమగా మారని దశలో ఉన్నవి) తెచ్చి వేశారని అర్థం.

విదేశీ మెస్సర్ సెఫలోటిస్ ఇస్తామనే వాళ్ల జోలికి అసలు పోవద్దు. ఆ జాతితో సహా 5,000కు పైగా చీమలు పట్టుబడ్డ కేసుల్లో 2025 మేలో కెన్యా కోర్టు నలుగురికి తలా పది లక్షల షిల్లింగుల జరిమానా వేసింది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినదాన్ని కొని మోసపోతే, ఫిర్యాదు చేయబోయి మీరే ఇరుక్కుంటారు.

పార్శిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ట్యూబుని ఫ్రిజ్ కింది అరలో మూడు నాలుగు నిమిషాలు ఉంచితే రాణి నెమ్మదిస్తుంది, అప్పుడు ఫొటోలు తీసుకోండి. ఫ్రీజర్లో పెట్టొద్దు. తేడా ఉంటే వీడియోతో సహా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. డబ్బు కట్టించుకుని సరుకే పంపకుండా మాయమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. అదేమిటో తేలని రాణిని విసుగొచ్చి పెరట్లోనో కాలవగట్టునో వదిలేయొద్దు. వద్దనుకుంటే అప్పుడు ఫ్రీజర్లో ఒక రోజు ఉంచి పారేయండి.