అమీర్‌పేట పీహెచ్‌డీ కన్సల్టెన్సీ: దయచేసి ఎవరూ డబ్బు కట్టకండి

ఇప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మెట్రో స్టేషన్ పక్క సందులో మూడో అంతస్తులో ఉంటుందే, ఆ కన్సల్టెన్సీ గురించి. ఎమ్మెస్సీ వాళ్లకి ఎవరో అర్థమయ్యే ఉంటుంది, కాలేజీ గేట్ల దగ్గర పాంప్లెట్లు పంచేది వాళ్లే.

"జర్మనీలో క్యాన్సర్ బయాలజీ పీహెచ్‌డీ, డైరెక్ట్ అడ్మిషన్, ఇంటర్వ్యూ లేదు" అన్నారు. రిజిస్ట్రేషన్‌కి 25 వేలు, సీటు బ్లాక్ చేయడానికి లక్షా 60 వేలు. నాన్న చీటీ పాడి తెచ్చిన డబ్బు. నెట్ పరీక్ష (ఇక్కడ పీహెచ్‌డీకి రాసేది) రెండుసార్లు పోయి దిగులుగా ఉన్న రోజుల్లో దొరికారు, నమ్మేశాను. జెనెటిక్స్ చదివినదాన్ని, వాళ్లు చెప్పిన ల్యాబ్ ప్రొఫెసర్‌కి నేరుగా ఒక్క మెయిల్ పెట్టి అడుగుదామని కూడా తోచలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నా.

నాలుగు నెలలకి ఆఫర్ లెటర్ వచ్చింది. పేరున్న సంస్థ లెటర్‌హెడ్, కింద ల్యాబ్ హెడ్ సంతకం. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే సంతకం చుట్టూ లేత బూడిదరంగు పెట్టె కనిపించింది. ఎక్కడిదో కత్తిరించి అతికించారు. అప్పుడు ల్యాబ్‌కి మెయిల్ పెట్టాను. మర్నాడే జవాబొచ్చింది, ఈ లెటర్ మాది కాదు, ఏజెంట్ల ద్వారా మేమెవర్నీ తీసుకోం అని.

ఇవాళ నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. కన్సల్టెన్సీ నడిపే మేడం మీటింగ్‌లో ఉన్నారని గంటన్నర కూర్చోబెట్టారు. పక్కన నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి. "అక్కా, నా ఎస్ఓపీ ఒకసారి చూసిపెడతావా" అని కాగితాలు ఇచ్చింది. ఎస్ఓపీ అంటే ఈ చదువు ఎందుకు ఎంచుకున్నామో మనమే రాసి దరఖాస్తుతో పంపేది. మొదటి పేరా చదివేసరికి నాకు ఒళ్లంతా చల్లబడింది. పెద్దమ్మకి 38 ఏళ్లకే రొమ్ములో గడ్డ. ఆవిడ పోయిన నాలుగేళ్లకి అక్కకీ అదే. పరీక్ష చేయిస్తే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మ్యుటేషన్, అంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే మార్పు. అది మా ఇంటి కథండీ! "1990లో మేరీ-క్లెయిర్ కింగ్ ఈ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపించారని చదివిన రోజే ఈ దారి ఎంచుకున్నాను", అది నేను వీళ్లకిచ్చిన ఎస్ఓపీలోని నా వాక్యం, అక్షరం కూడా మార్చలేదు. మొదటి కీమోకి వెళ్లేముందు పెద్దమ్మ చెవి దుద్దులు తీసి నా గుప్పిట్లో పెట్టిందని రాసుకున్నాను. అదీ ఉంది.

ఆ పిల్లకి అసలు పెద్దమ్మే లేదట. "మేడమే రాసిచ్చారక్కా, ఐదువేలు తీసుకున్నారు" అంది.

లోపలికెళ్లి ఆ కాగితం మేడం ముందు పెట్టాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఆ స్టోరీ బాగా పనికొస్తోందమ్మా. ఎవరి పెద్దమ్మైతే ఏంటి, వాళ్లొచ్చి చూస్తారా?" అంది. నాన్న డబ్బు వెనక్కిమ్మని అడిగితే, "మీ అమ్మాయికి అంత తెలివుంటే నెట్ కొట్టేది కదండీ, మా దగ్గరికెందుకొస్తుంది" అని రసీదు తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న 'నాన్ రిఫండబుల్' మీద వేలు పెట్టి చూపించింది. నాన్న మారు మాట్లాడలేదు. రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. పెద్దమ్మ చివరి నెలలో ఆసుపత్రి వరండాలో రాత్రిళ్లు పడుకున్నది ఆయనే. వదిన గురించి ఆ మాట ఆయన ముందే అంది ఆవిడ.

ఒక్క మాట మాత్రం చెప్తా. మంచి ల్యాబ్‌లో పీహెచ్‌డీ అంటే వాళ్లే మనకి డబ్బిస్తారు. జర్మనీ హైడెల్బర్గ్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థ డీకేఎఫ్‌జెడ్ లాంటి చోట జీతమిచ్చి చేర్చుకుంటారు, దరఖాస్తు మనమే పెట్టుకోవాలి, ఇంటర్వ్యూ తప్పదు. ఇక్కడైతే నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000. హబ్సిగూడ సీసీఎంబీ, ఉప్పల్ సీడీఎఫ్‌డీ, నవీ ముంబై ఖార్‌ఘర్‌లోని యాక్ట్రెక్, ఈ పరిశోధన సంస్థల్లో ఎక్కడా సీటు అమ్మరు. ఇప్పటికే కట్టేసినవాళ్లు స్క్రీన్‌షాట్లు, రసీదులు దాచుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా, ఇంకెవరైనా ఉంటే కలిసి వెళ్దాం.

నల్గొండ చెల్లీ, హడావుడిలో నీ నంబర్ తీసుకోలేదు. ఇది చదివితే నాకు మెసేజ్ పెట్టు. ఆ ఎస్ఓపీ ఎక్కడికీ పంపించకమ్మా. నీది నువ్వు రాసుకో, నేను పక్కన కూర్చుని చూసిపెడతా.